తుపాకీ అమ్మాలా... 45 రోజులు ఆగండి!

పాత బండి అమ్మితే ఆర్‌సీ మార్పించుకోమని కొన్నవాడి చుట్టూ తిరుగుతాం. రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే పోలీసులు మన గడపే తొక్కుతారన్న భయం మరి! అమెరికాలో సగానికి పైగా రాష్ట్రాల్లో సొంత తుపాకీ అమ్ముకునేవాడికి ఆ మాత్రం బెంగ కూడా లేదు. అక్కడి 'గన్‌ షో'ల మీద ముప్ఫై ఏళ్లుగా నడుస్తున్న తగవు ఇది. పిల్లల్ని ఆ దేశం పంపిన మన ఇళ్లకూ దీంతో పని ఉంది.

సింగరాయకొండలో ఓ రైతు ఉన్నాడనుకుందాం. తండ్రి హయాం నుంచీ ఇంట్లో డబుల్‌ బ్యారెల్‌ తుపాకీ ఉంది. ఆయన పోయాక లైసెన్సు కొడుకు పేరు మీదికి వచ్చింది. ఒకప్పుడు పొలం కాపలాకని తీసుకున్న తుపాకీ, ఇప్పుడు బీరువా పక్కన ఓ మూల పడి ఉంది. లైసెన్సు రెన్యువల్‌ కోసం తిరగడం, ఎన్నికల కోడ్‌ వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో జమచేయడం, ఫలితాలయ్యాక రశీదు చూపించి మళ్లీ తెచ్చుకోవడం... విసుగొచ్చింది. అమ్మేద్దామనుకున్నాడు. ఒంగోలులో లైసెన్సు ఉన్న స్నేహితుడొకడు కొంటానన్నాడు. బేరం కుదిరింది. మరి డబ్బులిచ్చి, తుపాకీ కారులో వేసుకుని పోవచ్చా?

కుదరదు.

ఆయుధాల చట్టం-1959లోని అయిదో సెక్షన్‌ సరిగ్గా ఇలాంటి అమ్మకాల గురించే చెబుతుంది. సొంతానికి ఉంచుకున్న తుపాకీ అమ్ముకోవడానికి డీలర్‌ లైసెన్సు అక్కర్లేదు. కానీ కొనేవాడికి తుపాకీ ఉంచుకునే అర్హత ఉండాలి. ఫలానా వారికి అమ్మాలనుకుంటున్నానని, వారి పేరూ చిరునామాతో సహా జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ, దగ్గర్లోని పోలీస్‌ స్టేషన్‌ అధికారికి గానీ రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ తర్వాత కనీసం 45 రోజులు ఆగాలి. ఈలోగా కొనేవాడి లైసెన్సు చెల్లుతుందా, అతని మీద కేసులేమైనా ఉన్నాయా అన్నది చూసుకునే వీలు పోలీసులకు ఉంటుంది. గడువు దాటాకే తుపాకీ చేతులు మారాలి.

చెప్పకుండా అమ్మితే ఆరు నెలల వరకు జైలు, లేదంటే 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. (హెల్మెట్‌ లేకుండా దొరికితే కట్టే జరిమానా అంతకన్నా ఎక్కువే!) లైసెన్సు లేకుండా తుపాకులు తయారుచేయడం, అమ్మడం లాంటి నేరాలకు మాత్రం 2019లో చట్టాన్ని సవరించి శిక్షను ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా పెంచారు. ఒక మనిషికి మూడు తుపాకుల దాకా ఉన్న అనుమతిని రెండుకు తగ్గించిందీ, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచిందీ ఆ సవరణే.

ఈ కట్టడికి పెద్ద చరిత్రే ఉంది. 1878లో బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు బాధ భారతీయులకే తప్ప తెల్లవాళ్లకు లేదు. స్వాతంత్య్రం వచ్చాక చేసిన 1959 చట్టం ఆ తేడాను తీసేసింది. లైసెన్సును మాత్రం అలాగే ఉంచింది. మన దగ్గర తుపాకీ హక్కు కాదు, అనుమతి. ఇక్కడే అమెరికా దారి వేరు. 1791లో చేసిన రెండో రాజ్యాంగ సవరణ అక్కడ ఆయుధాన్ని హక్కుల జాబితాలో చేర్చింది.

శని, ఆదివారాల్లో తుపాకుల సంత

గన్‌ షో అంటే మనకు తెలిసిన మాటల్లో సంతే. ఊరి ఎగ్జిబిషన్‌ మైదానంలోనో, పెద్ద హాల్లోనో శని, ఆదివారాల్లో పెడతారు. టికెట్‌ కొనుక్కుని లోపలికి వెళ్తే వరసగా బల్లలు. వాటి మీద వేట తుపాకులు, పిస్తోళ్లు, తూటాల పెట్టెలు, కత్తులు, ప్రపంచయుద్ధం నాటి టోపీలు, పతకాలు. పిల్లాపాపలతో వచ్చి చూసి వెళ్లేవాళ్లూ ఉంటారు. 1998లో దేశం మొత్తమ్మీద ప్రకటనలిచ్చి జరిపిన గన్‌ షోలు 4,442 అని అమెరికా ప్రభుత్వం 1999 జనవరిలో వెలువరించిన నివేదిక లెక్కగట్టింది. అందులో 472 ఒక్క టెక్సాస్‌లోనే. అవును, మనవాళ్లు కాలనీలకు కాలనీలే ఉన్న ఆ టెక్సాస్‌లోనే!

ఈ సంతలో రెండు రకాల అమ్మకందారులుంటారు. మొదటిరకం లైసెన్సు ఉన్న డీలర్లు. వీళ్లు కొట్లో అమ్మినా, సంతలో అమ్మినా ఒకటే రూలు. కొనేవాడితో ఫారం నింపించాలి, గుర్తింపు కార్డు చూడాలి, ఎఫ్‌బీఐ నడిపే కేంద్రాన్ని సంప్రదించాలి. నేరచరిత్ర ఉందా, భార్యనో పిల్లల్నో కొట్టిన కేసులున్నాయా, మానసిక ఆరోగ్యం విషయంలో కోర్టు ఉత్తర్వులేమైనా ఉన్నాయా అని కంప్యూటర్‌లో చూసి చెబుతారు. చాలాసార్లు నిమిషాల్లో తేలిపోతుంది. 1993లో చేసిన బ్రాడీ చట్టంతో వచ్చిన పద్ధతి ఇది. ఇప్పుడున్న కంప్యూటర్‌ తనిఖీ 1998 నవంబరు 30న మొదలైంది.

రెండోరకం మామూలు మనుషులు. 'ఇది నా సొంత తుపాకీ, అమ్ముకుంటున్నాను' అనేవాళ్లు. దేశం మొత్తానికీ వర్తించే ఫెడరల్‌ చట్టం ప్రకారం వీళ్లు ఫారం నింపించనక్కర్లేదు, ఎఫ్‌బీఐని అడగనక్కర్లేదు. కొనేవాడి పేరు కూడా రాసుకోనక్కర్లేదు. కొనేవాడు అదే రాష్ట్రంవాడై ఉండాలి. అనర్హుడని తెలిసి గానీ, అనుమానించడానికి తగిన కారణం ఉండి గానీ అమ్మకూడదు. అంతే! చిక్కంతా ఆ 'తెలిసి' అన్న మాటతోనే. అడిగితే కదా తెలిసేది? అడగకపోతే తప్పు లేదన్నమాట. 1999 నాటి నివేదిక ప్రకారం సంతల్లో బల్లలు పెట్టేవాళ్లలో 25 నుంచి 50 శాతం మంది ఈ రెండోరకమే. పక్కపక్క బల్లలు, ఒకేలాంటి తుపాకులు... ఒక బల్ల దగ్గర తనిఖీ, మరో బల్ల దగ్గర నగదు!

ఆ ముగ్గురూ సంతకెళ్లిన రోజు

ఈ సందు ఎంత ప్రమాదమో ప్రపంచానికి తెలిసింది 1999 ఏప్రిల్‌ 20న. కొలరాడో రాష్ట్రంలోని కొలంబైన్‌ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు కాల్పులు జరిపి 12 మంది తోటి పిల్లల్నీ, ఒక టీచర్‌నూ చంపారు. తుపాకులెక్కడివని ఆరా తీస్తే నాలుగింటిలో మూడు గన్‌ షో నుంచే వచ్చాయని తేలింది. కొనేనాటికి ఆ ఇద్దరికీ పద్దెనిమిదేళ్లు నిండలేదు. అందుకని పద్దెనిమిదేళ్ల స్నేహితురాలిని వెంట తీసుకెళ్లారు. లైసెన్సు లేని అమ్మకందారుల బల్లలే వెతుక్కుని కొన్నారు. తనిఖీ అంటూ ఉంటే, పేరు చెప్పాల్సి వచ్చుంటే కొనేదాన్నే కాదని ఆ అమ్మాయి తర్వాత చెప్పింది.

నెల తిరిగేసరికి అమెరికా సెనేట్‌లో గన్‌ షో అమ్మకాలన్నిటికీ తనిఖీ తప్పనిసరి చేసే ప్రతిపాదన వచ్చింది. ఓట్లు సరిసమానంగా చీలాయి. అప్పటి ఉపాధ్యక్షుడు అల్‌ గోర్‌ తన ఓటు వేసి 51-50తో గట్టెక్కించారు. కానీ దిగువ సభలో అది ముందుకు సాగలేదు. 2013లో మరో ప్రయత్నం జరిగింది. 100 మంది సెనేటర్లలో 54 మంది అనుకూలంగా ఓటేసినా, కావల్సిన 60 రాక వీగిపోయింది. దిల్లీలో కానిది హైదరాబాద్‌లోనో అమరావతిలోనో చేసుకున్నట్టు, ఇక రాష్ట్రాలే ఎవరి దారి వారు చూసుకోవడం మొదలుపెట్టాయి.

రాష్ట్రానికో రూలు

కాలిఫోర్నియా అందరికన్నా ముందే మేల్కొంది. 1991 నుంచి అక్కడ ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల మధ్య జరిగే అమ్మకం కూడా లైసెన్సు ఉన్న డీలర్‌ ద్వారానే జరగాలి. కొన్నాక తుపాకీ చేతికి రావడానికి పది రోజులు ఆగాలి. మన 45 రోజుల లాంటిదే, కాస్త పొట్టిది. కొలరాడోలో శాసనసభ వెనకాడితే జనమే ముందుకొచ్చారు. 2000 నవంబరులో నేరుగా ఓటింగ్‌ పెడితే 70 శాతం మంది గన్‌ షోల్లో తనిఖీ ఉండాల్సిందేనన్నారు. అదే రోజు ఆరెగాన్‌ ఓటర్లూ అదే తీర్పిచ్చారు.

మెయిన్‌ రాష్ట్రం కథ ఇంకోలా సాగింది. అక్కడ వేట ఇంటింటి అలవాటు. 2016లో ప్రైవేటు అమ్మకాలకు తనిఖీ పెడదామా అని ఓటింగ్‌ పెడితే స్వల్ప తేడాతో వద్దన్నారు. 2023 అక్టోబరు 25న లూయిస్టన్‌ పట్టణంలో ఒక్కడు 18 మందిని కాల్చి చంపాడు. మరుసటి ఏడాదే శాసనసభ చట్టం చేసింది. గన్‌ షోలో అమ్మినా, ప్రకటన ఇచ్చి అమ్మినా తనిఖీ చేయించాల్సిందే. బంధువుల మధ్య ఇచ్చిపుచ్చుకునేవాటిని వదిలేశారు.

వర్జీనియాలో పదమూడేళ్లు పట్టింది. 2007 ఏప్రిల్‌ 16న వర్జీనియా టెక్‌ విశ్వవిద్యాలయంలో జరిగిన కాల్పుల్లో 32 మంది చనిపోయారు. వారిలో తమిళనాడులో పుట్టిపెరిగిన ప్రొఫెసర్‌ జి.వి.లోగనాథన్‌ ఒకరు. నిజానికి ఆ హంతకుడు తుపాకులు కొన్నది డీలర్ల దగ్గరే, తనిఖీ దాటుకునే. మానసిక చికిత్స తీసుకోవాలని కోర్టు ఇచ్చిన ఉత్తర్వు కంప్యూటర్‌కు ఎక్కకపోవడంతో అతను అనర్హుడన్న సంగతి బయటపడలేదు. తనిఖీ గట్టిగా ఉండాలంటే రికార్డు సరిగా ఉండాలన్నది అప్పుడు తెలిసొచ్చిన పాఠం. ప్రైవేటు అమ్మకాల సందునూ మూయమని కాల్పులపై వేసిన కమిటీ సిఫార్సు చేసింది. బిల్లు వీగిపోతూ, వీగిపోతూ 2020లో చట్టమైంది. తర్వాత అదీ కోర్టు మెట్లెక్కింది.

వెనక్కి నడిచిన రాష్ట్రమూ ఉంది. నార్త్‌ కరోలినాలో పిస్తోలు కొనాలంటే, ప్రైవేటు వ్యక్తి దగ్గరైనా సరే, షెరీఫ్‌ ఇచ్చే అనుమతి పత్రం ఉండాలనేది పాత రూలు. 2023 మార్చిలో దాన్ని రద్దు చేశారు. గవర్నర్‌ వీటో చేసినా శాసనసభ ఆగలేదు. మొత్తమ్మీద ఇరవైకి అటూఇటూగా రాష్ట్రాలు ప్రైవేటు అమ్మకాలకు ఏదో ఒక తనిఖీ పెట్టాయి. టెక్సాస్‌, జార్జియా లాంటివి పెట్టలేదు. లాభం కోసం తరచూ అమ్మేవాళ్లంతా లైసెన్సు తీసుకోవాల్సిందేనంటూ కేంద్ర ప్రభుత్వం 2024 మేలో ఒక నియమం తెచ్చినా, టెక్సాస్‌తో పాటు కొన్ని రాష్ట్రాలు కోర్టుకెళ్లి తమ వరకు ఆపించుకున్నాయి. 2025 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ట్రంప్‌ తుపాకుల నియమాలను మళ్లీ పరిశీలించమని ఆదేశించారు.

'దొంగ సంతకు రాడుగా!'

కట్టడి వద్దనేవాళ్ల వాదనలో పసలేదని తోసిపారేయలేం. 'నేరగాడు సంతకొచ్చి, టికెట్‌ కొని, బల్ల ముందు నిలబడడు. తనిఖీ పెడితే ఇబ్బంది పడేది తాత తుపాకీ అమ్ముకునే రైతే' అంటారు వాళ్లు. వాళ్ల చేతిలో లెక్క కూడా ఉంది. అమెరికా న్యాయశాఖ 2016లో ఖైదీలను ప్రశ్నించింది. నేరం చేసినప్పుడు తుపాకీ దగ్గరున్న వారిలో దాన్ని గన్‌ షోలో సంపాదించినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు, 0.8 శాతమే. 43 శాతం మంది వీధుల్లో, దొంగబజారులో సంపాదించారు.

మరి దొంగబజారుకు తుపాకీ ఎక్కణ్నుంచి వచ్చింది? ఫ్యాక్టరీలో తయారైన ప్రతి తుపాకీ మొదట చట్టప్రకారం అమ్ముడైందే. ఎక్కడో ఒకచోట అది గట్టు దాటుతుంది. 1996 జులై నుంచి 1998 డిసెంబరు దాకా తుపాకుల అక్రమ రవాణా మీద జరిగిన 1,530 దర్యాప్తులను అమెరికా ప్రభుత్వం పరిశీలించింది. గన్‌ షోలతో ముడిపడ్డ కేసులు 14 శాతమే. కానీ వాటి ద్వారా దారితప్పిన తుపాకులు దాదాపు 26 వేలు! సంత నేరగాడి చివరి మజిలీ కాకపోవచ్చు, తుపాకీకి మాత్రం తొలి మలుపు కావచ్చు.

సంత కాకపోయినా ప్రైవేటు అమ్మకమే ప్రాణాలు తీసిన కేసు టెక్సాస్‌లోనే ఉంది. 2014లో ఒకడు తుపాకీ కొనబోతే తనిఖీలో అనర్హుడని తేలింది. కొట్టువాడు ఇవ్వలేదు. అతనే 2016లో ఓ ప్రైవేటు వ్యక్తి దగ్గర రైఫిల్‌ కొన్నాడు. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. 2019 ఆగస్టు 31న ఒడెస్సా, మిడ్‌ల్యాండ్‌ పట్టణాల్లో దాంతోనే ఏడుగురిని చంపాడు. లైసెన్సు లేకుండా తుపాకుల వ్యాపారం చేసినందుకు ఆ అమ్మినవాడికి 2021లో రెండేళ్ల జైలు పడింది. తనిఖీ ఒకసారి పనిచేసింది. రెండోసారి తనిఖీయే లేదు.

అలాగని మన చట్టం చూసుకుని మురిసిపోవడానికీ లేదు. లైసెన్సు తుపాకీకి ఇన్ని కాగితాలున్నాయి గానీ నాటు తుపాకీకి ఒక్క కాగితమూ లేదు. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు నల్లమల పల్లెల్లో వేటకని దాచుకునే నాటు తుపాకుల సంగతి అందరికీ తెలిసిందే. బిహార్‌లోని ముంగేర్‌లో దొంగచాటుగా తయారయ్యే పిస్తోళ్లు దేశమంతా తిరుగుతూనే ఉన్నాయి. 45 రోజుల రూలు వాటిని ఆపలేదు. అది ఆపేది ఒక్కటే... చట్టప్రకారం పుట్టిన తుపాకీ చట్టం కళ్లుగప్పి జారిపోవడాన్ని. అమెరికాలో లేనిదీ, కావాలంటున్నదీ అదే.

మన ఇంటిదాకా వస్తే...

ఒంగోలు, కందుకూరు, సింగరాయకొండ... ఈ చుట్టుపక్కల ఏ వీధికెళ్లినా అమెరికాలో పిల్లలున్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. అక్కడ కాల్పులన్న వార్త టీవీలో రాగానే 'ఏ ఊరు, ఏ రాష్ట్రం' అని ఫోన్లు అందుకునే అమ్మానాన్నలే అందరూ. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌ రాష్ట్రంలోని ఒలేథ్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ హత్య, 2018 సెప్టెంబరులో సిన్సినాటి బ్యాంకులో గుంటూరు ప్రాంతపు యువకుడి మరణం, 2023 మేలో టెక్సాస్‌లోని అలెన్‌ మాల్‌లో ఎనిమిది మందిని బలితీసుకున్న కాల్పుల్లో తెలుగమ్మాయి మృతి... ఆ తుపాకులు సంతలో కొన్నవని కాదు. కానీ తుపాకీ ఎవరి చేతుల్లోకి, ఎంత తేలిగ్గా వెళ్తోందన్న ప్రశ్న వీటన్నిటి వెనకా ఉంది. రాత్రిపూట పెట్రోలు బంకుల్లో, చిన్న దుకాణాల్లో పనిచేసే విద్యార్థులకు ఆ ప్రశ్న మరీ దగ్గరిది.

ఇంకో సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఎఫ్‌-1 వీసా మీద చదువుకునేవాళ్లు, హెచ్‌-1బి మీద ఉద్యోగం చేసేవాళ్లు అమెరికాలో తుపాకీ గానీ, తూటాలు గానీ ఉంచుకోకూడదన్నది ఫెడరల్‌ చట్టం. కొన్ని మినహాయింపులున్నాయి. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండటం అందులో ఒకటి. మినహాయింపు లేకుండా దొరికితే 15 ఏళ్ల వరకు జైలు పడొచ్చు. చదువు, ఉద్యోగం, ఆ దేశంలో ఉండే అవకాశం అన్నీ పోతాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు.

డీలర్‌ దగ్గరికి వెళ్తే ఫారంలోనే వీసా సంగతి అడుగుతారు. కుర్రాడు అక్కడే ఆగిపోతాడు. సంతలో బల్ల వెనక కూర్చున్న పెద్దమనిషి మహా అయితే ఆ రాష్ట్రపు డ్రైవింగ్‌ లైసెన్సు చూస్తాడు. వీసా గురించి అతనికి తెలియదు, అడగమని చట్టమూ చెప్పదు. 'అమ్మేవాడే ఏమీ అనలేదు కదా, తప్పెలా అవుతుంది' అనుకుంటాడు కుర్రాడు. అమ్మినవాడు తెలియదని తప్పించుకోవచ్చు. కొన్నవాడు తప్పించుకోలేడు. సందు అమ్మేవాడికే, గొయ్యి కొనేవాడికి!

చట్టం ఒక్కటే కాదు, ప్రాణం సంగతీ ఉంది. తుపాకీ శుభ్రం చేస్తుంటే పేలి తెలుగు విద్యార్థి చనిపోయాడన్న వార్త 2024లో చదివాం. తుపాకీ ఎలా పట్టుకోవాలో, తూటా ఉందో లేదో ఎలా చూడాలో తెలియని ఇళ్లలోంచి వెళ్లిన పిల్లలు మనవాళ్లు. బల్ల మీద డబ్బు పెట్టి తెచ్చుకున్న తుపాకీతో పాటు ఆ శిక్షణ రాదు.

అమెరికాలో ఏ రాష్ట్రం ఏ చట్టం చేయాలన్నది అక్కడి ఓటర్లు తేల్చుకుంటారు. మన చేతిలో ఉన్నది ఒక్కటే... ఆదివారం పూట వీడియో కాల్‌. తిన్నావా, చలిగా ఉందా, పరీక్షలెప్పుడు అన్నవి ఎలాగూ అడుగుతాం. వాటితో పాటు ఇంకోటి కూడా అడగండి: 'మీ గదిలో ఎవరి దగ్గరైనా తుపాకీ ఉందా నాన్నా?' ఉందంటే, అది తనది కాకపోయినా, వేరే గది చూసుకోమని చెప్పండి. ఆ మాటకు మాత్రం 45 రోజులు ఆగక్కర్లేదు.